పెద్ద భవనాల్లో ఏసీ కరెంటు ఎక్కడెక్కడ పోతుంది?

ఆఫీసు, ఆసుపత్రి, హోటల్, షాపింగ్ మాల్... ఏ భవనమైనా సరే, కరెంటు బిల్లులో ఏసీ వాటా చూడగానే యజమానికి వచ్చే మొదటి ఆలోచన "చిల్లర్ పాతదైపోయింది, కొత్తది వేయిద్దాం" అనే. చిల్లర్ అంటే భవనమంతటి ఏసీకి నీళ్లు చల్లబరిచే పెద్ద యంత్రం. అమ్మడానికి వచ్చేవాళ్లూ అదే మాట చెబుతారు. కొత్త చిల్లర్ తక్కువ కరెంటుతో నడుస్తుందన్నది నిజమే. కానీ చాలా భవనాల్లో అసలు వృథా చిల్లర్ చుట్టూ ఉంటుంది. ఫ్యాన్లలో, పంపుల్లో, సగం మూసి వదిలేసిన వాల్వుల్లో, మనుషులు లేని రాత్రిళ్లు తిరిగే, గాలిని చల్లబరిచి గదులకు పంపే ఏహెచ్‌యూల్లో, అసలు లోపలికి రానివ్వకూడని ఎండలో ఉంటుంది. వాటి జోలికి పోకుండా చిల్లర్ మార్చడమంటే గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడమే. పైగా అవసరాన్ని మించిన సైజు కొని, మరో ఇరవై ఏళ్లు ఆ భారం మోయాల్సి వస్తుంది.

ఇది చిన్న విషయం కాదు. ప్రపంచంలో భవనాలు వాడే కరెంటులో దాదాపు ఐదో వంతు ఏసీలకు, ఫ్యాన్లకే పోతోందని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2018లో లెక్కగట్టింది. అందుకే ఈ వ్యవస్థ లోపల ఏం జరుగుతుందో కాస్త ఓపిగ్గా చూద్దాం.

వేడి చేసే ప్రయాణం

ఏసీ చల్లదనాన్ని తయారు చేయదు. లోపలి వేడిని మోసుకెళ్లి బయట పారబోస్తుంది. సెంట్రల్ ఏసీలో ఆ మోత చాలా చేతులు మారుతుంది. గదిలోని వేడిని గాలి తీసుకుంటుంది. ఆ గాలి ఏహెచ్‌యూ కాయిల్ (చల్లటి నీళ్లు పారే గొట్టాల చుట్ట) మీదుగా పోతూ వేడిని చల్లటి నీళ్లకు ఇస్తుంది. నీళ్లు దాన్ని చిల్లర్‌లో తిరుగుతూ వేడిని లాగే పదార్థానికి, అంటే రిఫ్రిజరెంట్‌కు అప్పగిస్తాయి. రిఫ్రిజరెంట్ దగ్గర నుంచి, చిల్లర్‌కు టవర్‌కు మధ్య తిరిగే కండెన్సర్ నీళ్లు తీసుకుంటాయి. చివరికి అది కూలింగ్ టవర్‌లో బయటి గాలిలో కలుస్తుంది. ప్రతి మజిలీలోనూ ఒక మోటారు ఉంటుంది: ఏహెచ్‌యూ ఫ్యాన్, చిల్డ్ వాటర్ (చల్లనీళ్ల) పంపు, చిల్లర్‌లోని కంప్రెసర్, కండెన్సర్ పంపు, టవర్ ఫ్యాన్.

లోపలి వైపు ఉన్న మోటార్లు తినే కరెంటు కూడా చివరికి వేడిగానే మారుతుంది. ఏహెచ్‌యూ ఫ్యాన్ 10 కిలోవాట్లు తీసుకుంటే, గాలి దారిలో ఆ 10 కిలోవాట్ల వేడీ చేరుతుంది. దాన్ని కూడా చిల్లరే లాగాలి. ఏసీ సామర్థ్యాన్ని కొలిచే ఒక టన్ను అంటే 3.517 కిలోవాట్ల వేడి కాబట్టి, ఆ ఫ్యాన్ ఒక్కటే దాదాపు మూడు టన్నుల లోడ్. అందుకే గది వైపు ఒక యూనిట్ ఆదా చేస్తే ప్లాంట్ రూమ్‌లో ఇంకొంత దానంతట అదే తగ్గుతుంది. టవర్ దగ్గర ఆదా చేస్తే ఆ అదనపు లాభం ఉండదు. ఎక్కడ మొదలుపెట్టాలన్న ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది: గది నుంచి మొదలుపెట్టి బయటికి రావాలి. డబ్బు మాత్రం మామూలుగా దీనికి తిరగబడి, చిల్లర్ మీదే ముందు ఖర్చవుతుంది.

ప్లాంటు ఎలా నడుస్తోందో చెప్పే కొలత టన్నుకు ఎన్ని కిలోవాట్లు అన్నది. చిల్లర్‌ను ఒక్కదాన్నే చూపించే అంకెను నమ్ముకోకూడదు. పంపులు, టవర్ ఫ్యాన్లు అన్నీ కలిపి లెక్కేయాలి. నీటితో చల్లబడే ప్లాంటు బాగా నడిస్తే అన్నీ కలిపి టన్నుకు 0.6 నుంచి 0.7 కిలోవాట్ల దగ్గర ఉంటుంది. పట్టించుకోకపోతే అదే సామాను 1 కిలోవాట్ దాటేస్తుంది.

లోపలికి రాని వేడిని మోయనక్కర్లేదు

కుర్చీలో కూర్చుని పనిచేసుకునే మనిషి ఒంటి నుంచి 100 వాట్లకు పైగా వేడి వస్తుంది. మనుషుల్ని తగ్గించలేం. కానీ లైట్లు, కంప్యూటర్లు, అద్దాల గుండా వచ్చే ఎండ మన చేతుల్లో ఉన్నవే. లైటు తినే ప్రతి వాటూ గదిలో వేడిగా మిగులుతుంది కాబట్టి ఎల్‌ఈడీ పెడితే లైటింగ్ బిల్లుతో పాటు ఏసీ బిల్లూ దిగుతుంది. ఎండ విషయంలో ఒక చిన్న తేడా పెద్ద ఫలితాన్నిస్తుంది. అద్దానికి లోపల కర్టెన్ వేస్తే ఎండ అప్పటికే గదిలోకి వచ్చేసి ఉంటుంది. అద్దానికి బయట నీడ కల్పిస్తే ఆ వేడి చాలావరకు బయటే ఆగిపోతుంది. పడమటి గోడంతా అద్దం పెట్టి లోపల కర్టెన్లు వేలాడదీసే డిజైన్లు చూస్తే బాధేస్తుంది. ఆ ఒక్క నిర్ణయానికి భవనం ఉన్నంతకాలం కరెంటు కట్టాలి.

న్యూయార్క్‌లోని ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ ఈ వరసను బాగా చూపిస్తుంది. 1931లో కట్టిన ఆ భవనానికి 2009లో పెద్ద మరమ్మతు మొదలుపెట్టారు. సుమారు 6,500 కిటికీల అద్దాలను బయటికి పంపకుండా, భవనంలోనే ఒక అంతస్తులో వర్క్‌షాప్ పెట్టి బాగుచేశారు. రెండు అద్దాల మధ్య పల్చటి ఫిల్మ్ వేసి, గ్యాస్ నింపి మళ్లీ బిగించారు. చలికాలంలో గదుల్ని వేడిచేసే రేడియేటర్ల వెనక వేడిని వెనక్కి కొట్టే పొరలు పెట్టారు. లైటింగ్ సరిచేశారు. కూలింగ్ లోడ్ బాగా తగ్గడంతో కొత్త చిల్లర్లు కొనాల్సిన పని తప్పింది. పాతవాటి బయటి షెల్‌ను ఉంచి లోపలి భాగాలు మార్చడంతో సరిపోయింది. మొత్తం ఇంధన వాడకంలో 38 శాతం తగ్గింపు వాళ్లు పెట్టుకున్న లక్ష్యం. కిటికీల లెక్క, చిల్లర్ లెక్క వేర్వేరుగా చూసి ఉంటే కిటికీల ఖర్చు గిట్టుబాటు కాదనిపించేది. తప్పిన చిల్లర్ ఖర్చును అందులోంచి తీసేశాకే అది లాభసాటిగా తేలింది.

కంటికి కనిపించని లోడ్

విల్లిస్ కారియర్ 1902లో మొదటి ఏసీ వ్యవస్థను తయారు చేసింది మనుషుల సుఖం కోసం కాదు. బ్రూక్లిన్‌లోని ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో గాలి తేమకు కాగితం సాగి, రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడేవి కావు. ఆయన్ను అడిగింది తేమను అదుపు చేయమని. తేమ ఉన్న వాతావరణాల్లో ఇప్పటికీ ఏసీకి పెద్ద పని అదే.

కిలో గాలిని ఒక డిగ్రీ చల్లబరచడానికి సుమారు ఒక కిలోజౌల్ చాలు. గాలిలోని కిలో ఆవిరిని నీరుగా మార్చి తీయాలంటే సుమారు 2,400 కిలోజౌళ్ల వేడిని లాగాలి. ఈ ఆవిరిలో ఎక్కువ భాగం బయటి గాలితో వస్తుంది. బయటి గాలి కావాలి, అందులో రాజీ లేదు. గాలి ఆడని గదిలో జనాన్ని కూర్చోబెట్టి కరెంటు మిగుల్చుకోవడం పొదుపు అనిపించుకోదు. కానీ అరవై మంది పట్టే మీటింగ్ హాల్లో నలుగురే ఉన్నప్పుడు అరవై మందికి సరిపడా గాలి లోపలికి లాగి, చల్లార్చి, తేమ పిండి ఇవ్వడం శుద్ధ దండగ. కార్బన్ డయాక్సైడ్ సెన్సర్ పెట్టి, దాన్నిబట్టి గాలి దారికి అడ్డుగా ఉండే పలక, అంటే డ్యాంపర్ తెరుచుకునేలా చేస్తే ఇది సర్దుకుంటుంది. సెన్సర్‌ను ఏటా ఒకసారైనా బయటి గాలిలో పెట్టి సరిచూసుకోవాలి. లేకపోతే అదే తప్పుదారి పట్టిస్తుంది. బయటికి పంపేసే చల్లటి గాలితో లోపలికొచ్చే వేడి గాలిని ముందుగానే చల్లబరిచే రికవరీ వీల్ కూడా మంచి పెట్టుబడే, ముఖ్యంగా రోజంతా నడిచే భవనాల్లో.

తేమ దొంగదారిన కూడా వస్తుంది. టాయిలెట్లు, వంటగదుల ఎగ్జాస్ట్ ఫ్యాన్లు లాగేసే గాలి, మనం పంపే తాజా గాలి కన్నా ఎక్కువైతే భవనంలో పీడనం తగ్గుతుంది. అప్పుడు తలుపు సందుల్లోంచి, ఫాల్స్ సీలింగ్ పైనుంచి, లిఫ్టు గోతుల్లోంచి బయటి గాలి అలాగే లోపలికి దూరుతుంది. ముందు ద్వారం తెరిచి ఒక టిష్యూ పేపర్ వేలాడదీసి చూడండి. అది లోపలికి ఊగుతుంటే, ఫిల్టర్ చేయని, చల్లబరచని గాలిని భవనం అదే పనిగా మింగుతోందన్నమాట.

తేమ దగ్గర జరిగే ఇంకో వృథా, తేమ పోవడానికి గాలిని బాగా చల్లబరిచి, మరీ చలిగా ఉందని మళ్లీ హీటర్‌తో వేడిచేయడం. ఒకే గాలికి రెండుసార్లు కరెంటు. బయటి గాలిలోని తేమను వేరే యూనిట్‌లో ముందే తీసేస్తే చాలా చోట్ల ఆ హీటర్ అవసరమే పడదు.

సెట్ పాయింట్ గొడవ

వేసవిలో ఆఫీసులో స్వెటర్ వేసుకుని కూర్చునేవాళ్లు కనిపిస్తే, ఆ అంతస్తు అవసరం కన్నా చల్లగా ఉందని వేరే కొలత అక్కర్లేదు. జపాన్ ప్రభుత్వం 2005 వేసవిలో 'కూల్ బిజ్' అని మొదలుపెట్టి, ఆఫీసుల్లో ఏసీని 28 డిగ్రీల దగ్గర పెట్టమంది. కోట్లు, టైలు తీసేయమంది. నా దృష్టిలో అందులో తెలివైన భాగం ఆ రెండోదే. బట్టలు మార్చకుండా ఉష్ణోగ్రత పెంచితే జనం ఒప్పుకోరు. గాలి కదలిక కూడా అంతే ముఖ్యం. మెల్లగా తిరిగే ఒక సీలింగ్ ఫ్యాన్ ఉంటే రెండు డిగ్రీలు ఎక్కువున్నా ఒంటికి తేడా తెలియదు. ఆ ఫ్యాన్‌కయ్యే కరెంటు ఎంతో తక్కువ.

మరి అంతస్తులు ఎందుకు గడ్డకట్టేలా ఉంటాయి? చాలాసార్లు ఒకే ఒక్క మూల వల్ల. ఎండ పడే మూల సీట్లో కూర్చున్నాయన ఫిర్యాదు చేస్తాడు. ఆపరేటర్ మొత్తం ఏహెచ్‌యూ సెట్ పాయింట్ (పెట్టి ఉంచిన ఉష్ణోగ్రత) రెండు డిగ్రీలు దించేస్తాడు. ఫిర్యాదు ఆగిపోతుంది, మిగతా ఎనభై మంది వణుకుతారు. అసలు కారణం ఆ మూలకు వెళ్లే డక్ట్‌లో మూసుకుపోయిన డ్యాంపరో, ప్రింటర్ పక్కన బిగించిన థర్మోస్టాటో అయ్యుంటుంది.

ఘనపు లెక్క

ఈ విషయం మొత్తంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను. ఫ్యాన్, పంపు తీసుకునే కరెంటు వాటి వేగానికి ఘనంలో, అంటే వేగం × వేగం × వేగం లెక్కన మారుతుంది. వేగం 80 శాతానికి తగ్గిస్తే కరెంటు సుమారు 51 శాతానికి పడిపోతుంది. సగానికి తగ్గిస్తే, సిద్ధాంతపరంగా ఎనిమిదో వంతు. వాస్తవంలో పైపుల్లో, డక్టుల్లో ఎప్పుడూ ఉంచాల్సిన కనీస ప్రెషర్ వల్ల అంత రాదు. అయినా వచ్చేది చాలా ఎక్కువ.

ఇది ఎందుకంత ముఖ్యమంటే, ఏసీ వ్యవస్థ ఏడాదిలో పూర్తి లోడ్‌తో నడిచే గంటలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. చిల్లర్లకు రేటింగ్ ప్రమాణాలు నిర్ణయించే ఏహెచ్‌ఆర్‌ఐ సంస్థ పార్ట్ లోడ్ (పూర్తి కన్నా తక్కువ లోడ్) సూచీలో పూర్తి లోడ్‌కు ఇచ్చే వెయిటేజీ 1 శాతమే. 75 శాతం లోడ్‌కు 42, సగం లోడ్‌కు 45, పావు లోడ్‌కు 12 శాతం. అంటే భవనం తన జీవితమంతా దాదాపు పార్ట్ లోడ్‌లోనే బతుకుతుంది. డిజైన్ మాత్రం ఏడాదిలో అత్యంత వేడి రోజుకు చేస్తారు. దాని మీద కన్సల్టెంట్ కొంత మార్జిన్ కలుపుతాడు, కాంట్రాక్టర్ ఇంకొంత, పంపు అమ్మేవాళ్లు ఇంకొంత. చివరికి బిగించే పంపు కావలసినదానికన్నా చాలా పెద్దదవుతుంది.

అప్పుడు ప్లాంట్ రూమ్‌లో కనిపించే దృశ్యం ఇది. పంపు ఎక్కువ నీళ్లు తోసి మోటారు ట్రిప్ అవుతుంటే, ఎవరో దాని డెలివరీ వాల్వు సగం మూసి ఉంటారు. పక్కనే గోడకు మోటారు వేగాన్ని మార్చే వీఎఫ్‌డీ ప్యానెల్ ఉంటుంది, కానీ మాన్యువల్‌లో పెట్టి పూర్తి వేగం దగ్గర వదిలేసి ఉంటుంది. వాల్వుకు ముందున్న గేజ్, తర్వాతున్న గేజ్ రెండూ చూడండి. ఆ రెంటి తేడా ఎంతో, అంత ప్రెషర్‌ను పంపు కరెంటు ఖర్చుపెట్టి పుట్టిస్తే వాల్వు అక్కడికక్కడే మింగేస్తోంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, బ్రేకు మీద బండి నడపడమే ఇది. వాల్వు పూర్తిగా తెరిచి, అదే ఫ్లో వచ్చేదాకా వీఎఫ్‌డీలో వేగం దించడం ఒక పూట పని, కొత్తగా కొనాల్సింది ఏమీ లేదు. వీఎఫ్‌డీ లేని చోట పంపు లోపల తిరిగే ఇంపెల్లర్‌ను కోసి చిన్నది చేయించవచ్చు.

కూలింగ్ టవర్ల దగ్గరా ఇదే సూత్రం. ఒక టవర్ ఫ్యాన్ పూర్తి వేగంతో తిప్పే బదులు రెండు టవర్లనూ సగం వేగంతో తిప్పితే గాలి అంతే వస్తుంది, కరెంటు మాత్రం లెక్క ప్రకారం నాలుగో వంతు చాలు. రెండింటికీ పంచినప్పుడు టవర్లో నీళ్లు చల్లే నాజిల్స్‌కు సరిపడా నీళ్లు అందుతున్నాయో లేదో మాత్రం చూసుకోవాలి. "రెండోది ఆపేస్తే కరెంటు మిగులుతుంది" అన్న అలవాటు ఆలోచన ఇక్కడ పనిచేయదు.

రెండో చిల్లర్ ఎందుకు ఆన్ అవుతోంది?

చిల్డ్ వాటర్ సాధారణంగా 7 డిగ్రీల దగ్గర వెళ్లి, భవనంలో వేడి తీసుకుని 12 దగ్గర తిరిగి వచ్చేలా డిజైన్ చేస్తారు. ఆ 5 డిగ్రీల తేడాకు టన్నుకు నిమిషానికి సుమారు 10 లీటర్ల నీళ్లు కావాలి. నీళ్లు 12కు బదులు తొమ్మిదిన్నర దగ్గరే తిరిగొచ్చేస్తే, అంతే వేడిని మోయడానికి రెట్టింపు నీళ్లు తిప్పాలి. ఒక చిల్లర్ గుండా అన్ని నీళ్లు పోవు. కాబట్టి లోడ్ సగమే ఉన్నా రెండో చిల్లర్, దాని పంపు, దాని టవర్ ఆన్ చేయాల్సి వస్తుంది. చూసేవాళ్లకు "కెపాసిటీ చాలట్లేదు" అనిపిస్తుంది. మూడో చిల్లర్ కొనే ప్రతిపాదన ఇక్కడే పుడుతుంది.

కారణాలు చిన్నచిన్నవి. మురికి పట్టిన కాయిల్స్ ఒకటి. ఏహెచ్‌యూ ఆపేసినా మూసుకోని వాల్వు ఇంకొకటి. కాయిల్‌కు అక్కర్లేని నీళ్లను పక్కదారిన తిరిగి పంపేసే త్రీ-వే వాల్వులు మరొకటి. అన్నిటికన్నా విచిత్రమైనది, ఆపేసిన చిల్లర్ వాల్వు తెరిచి ఉండిపోవడం. భవనం నుంచి వచ్చిన వెచ్చటి నీళ్లు ఆ ఆగిన చిల్లర్ గుండా అలాగే దాటిపోయి, నడుస్తున్న చిల్లర్ ఇచ్చిన 7 డిగ్రీల నీళ్లలో కలుస్తాయి. ఆ నీళ్లన్నీ కలిసే పెద్ద పైపు, అంటే హెడర్‌లో 9 కనిపిస్తుంది. ఆపరేటర్ సెట్ పాయింట్ 5కు దించుతాడు. చిల్లర్ మరింత కష్టపడుతుంది. అవసరమైంది ఒక వాల్వు చక్రం తిప్పడమే.

చిల్లర్ వరకు వస్తే, దాని కష్టం ఎక్కువగా ఒకే దాని మీద ఆధారపడి ఉంటుంది: చల్లనీళ్లకు, కండెన్సర్ నీళ్లకు మధ్య ఉష్ణోగ్రత తేడా. చల్లనీళ్లను ఒక డిగ్రీ పైకి తెచ్చినా, కండెన్సర్ నీళ్లను ఒక డిగ్రీ కిందికి తెచ్చినా సుమారు 2 నుంచి 3 శాతం కరెంటు తగ్గుతుంది. బయట తేమ, వేడి తక్కువగా ఉన్న రోజుల్లో చల్లనీళ్లు 7 దగ్గరే ఉండనక్కర్లేదు, 9 చాలు. గాలి తేమగా ఉన్న రోజు మాత్రం ఈ పని చేయకూడదు, కాయిల్ తేమను తీయలేదు. కండెన్సర్ ట్యూబుల్లో స్కేల్ (నీళ్లలోని లవణాల పొర) పేరుకుంటే రిఫ్రిజరెంట్‌కూ బయటికొచ్చే నీళ్లకూ మధ్య తేడా నెమ్మదిగా పెరుగుతుంది. లాగ్ బుక్‌లో రోజూ ఆ అంకె రాసుకుంటే, ట్యూబులు ఎప్పుడు శుభ్రం చేయాలో క్యాలెండర్ చూడక్కర్లేదు.

ఐస్ స్టోరేజ్ గురించి ఒక మాట. రాత్రి మంచు చేసి పగలు వాడితే పీక్ టైమ్ ఛార్జీలు తగ్గుతాయి. కానీ మంచు చేయడానికి చిల్లర్ మరింత చల్లగా నడవాలి కాబట్టి యూనిట్లు తగ్గుతాయన్న భరోసా లేదు. అది బిల్లు పొదుపు.

సరిచేసినా మళ్లీ ఎందుకు చెడుతుంది

ఒక ఆదివారం ఏదో కార్యక్రమం కోసం, భవనంలోని యంత్రాలను నడిపే కంప్యూటర్ వ్యవస్థ అయిన బీఎంఎస్‌లో టైమ్ షెడ్యూల్‌ను మాన్యువల్‌కు మారుస్తారు. తిరిగి ఆటోలో పెట్టడం ఎవరికీ గుర్తుండదు. ఆ ఏహెచ్‌యూ నెలల తరబడి ఆదివారాలు, రాత్రిళ్లు తిరుగుతూనే ఉంటుంది. ఇలాంటివి వెతికి సరిచేసే పనినే రెట్రో కమిషనింగ్ అంటారు. అమెరికాలోని లారెన్స్ బర్కిలీ నేషనల్ లాబొరేటరీ 2009లో 643 భవనాల వివరాలు క్రోడీకరిస్తే, పాత భవనాల్లో మధ్యస్థంగా 16 శాతం ఇంధనం ఆదా అయింది. పెట్టిన ఖర్చు ఏడాది కాస్త దాటేసరికి తిరిగొచ్చేసింది. ఇంత త్వరగా గిట్టుబాటయ్యే పెట్టుబడి భవనాల్లో అరుదు.

అయినా ఇది జరగకపోవడానికి కారణం మనుషుల మధ్య ఉన్న ఏర్పాటు. భవనం యజమానిది, కరెంటు బిల్లు అద్దెకున్నవాళ్లది. ఖర్చు ఒకరిది, లాభం మరొకరిది. ఆపరేటర్‌కు ఫిర్యాదు వస్తే చీవాట్లు పడతాయి, కరెంటు ఎక్కువైతే ఎవరూ అడగరు. డిజైన్ చేసినాయన సైజు తక్కువైతే కోర్టుకెక్కాలేమో గానీ, రెట్టింపైతే ఎవరికీ తెలియదు. ఎవరికి వారే యమునా తీరే. దీన్ని మార్చాలంటే ఆపరేషన్ కాంట్రాక్టులోనే టన్నుకు ఇన్ని కిలోవాట్లు అన్న అంకె రాయాలి. ఆదాలో కొంత వాటా ప్లాంట్ రూమ్ సిబ్బందికీ దక్కాలి. మాన్యువల్‌లో ఉన్న ప్రతి స్విచ్‌నూ వారానికోసారి చూసే బాధ్యత ఒక మనిషి పేరు మీద ఉండాలి.

ఇవన్నీ నిజంగా పనిచేస్తున్నాయో లేదో తెలియాలంటే కొలవాలి. మెయిన్ లైన్‌లో ఒక ఫ్లో మీటరు, వెళ్లే నీళ్లకూ వచ్చే నీళ్లకూ చెరో మంచి టెంపరేచర్ సెన్సర్, ప్రతి మోటారుకూ కరెంటు మీటరు. లెక్క ఆ రెండు ఉష్ణోగ్రతల తేడా మీదే నడుస్తుంది కాబట్టి సెన్సర్‌లో అర డిగ్రీ తప్పున్నా 5 డిగ్రీల తేడాలో అది 10 శాతం తప్పవుతుంది. ఇక్కడ చవక రకం కొనకూడదు. ఆ అంకెలు ఒక ఏడాదిపాటు గంట గంటకూ నమోదయ్యాక, అప్పుడు చిల్లర్ మార్పు గురించి కూర్చుని మాట్లాడుకోవచ్చు. రాత్రిపూట లోడ్ ఎంత, సెలవు రోజున ఎంత, ఏడాదిలో అత్యధికం ఎంత అన్నది ఆ రికార్డులోనే ఉంటుంది. 500 టన్నులవి రెండు ఉన్నచోట 300వి రెండు, రాత్రికి ఒక 100 చాలని తేలితే, ఆ మిగిలిన డబ్బుతో పడమటి అద్దాలకు బయట నీడ వేయించవచ్చు.